సంతోషం ఎవరి అలవాటు?

మొన్న వేసవి సెలవులకు ముందు మా టీచర్లకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. రెండోరోజు మధ్యాహ్నం, అన్నాలు తిని అందరికీ కునుకుపాట్లు వస్తున్న వేళ, ఒకాయన వచ్చి తలా ఒక కాయితం పంచాడు. పైన ‘సంతోషంగా ఉండటానికి అయిదు అలవాట్లు’ అని పెద్దక్షరాలతో ఉంది. తెల్లవారుజామునే లేవాలి. అద్దంలో మన ముఖం చూసుకుని నవ్వాలి. రోజూ రాత్రి మూడు విషయాలకు కృతజ్ఞతలు రాసుకోవాలి. గాయపరిచినవాళ్ళను క్షమించి గతాన్ని మరిచిపోవాలి. ఇతరులతో పోల్చుకోకుండా ఉన్నదానితో తృప్తి పడాలి.

ఆయన చెడ్డమనిషి కాదు. ఈ అలవాట్లు తనకు మేలు చేశాయనీ, బీపీ తగ్గిందనీ, ఇంట్లో గొడవలు తగ్గాయనీ నిజాయితీగానే చెప్పాడు. ఆయనకు జరిగిన మేలును కాదనటానికి నేనెవర్ని? చివర్లో ఒక మాటన్నాడు: “సంతోషం బయట ఎక్కడో లేదు. మీ అలవాట్లలో ఉంది.” అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కానీ అలవాటు అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ఆ మాట అంతకుముందు ఎక్కడో విన్నాను. ఎక్కడ విన్నానో ఇంటికొచ్చేదాకా గుర్తు రాలేదు.

ఆ రాత్రి నోటుపుస్తకం తీసి మూడు కృతజ్ఞతలు రాయడానికి కూచున్నాను. గంటసేపు ఒక్క అక్షరం పడలేదు. అమ్మ వచ్చి నిలబడింది.

“ఏం రాత్తన్నావురా ఇంత రాత్రప్పుడు?”

“సంతోషంగా ఉండాలంటే ఏం చెయ్యాలో రాసుకోమన్నారమ్మా.”

అమ్మ నవ్వింది. “దానిక్కూడా రాతకోతలున్నయ్యా? ముందు లేచి అన్నం తిను, చల్లారిపోతంది” అంది.

అన్నం తింటూ ఆ కాయితాన్ని అమ్మ బతుకు పక్కన పెట్టి చూశాను. ముందు తెల్లవారుజామున లేవడం. మా అమ్మ తన జీవితంలో ఏనాడూ సూర్యుడి వెనక లేవలేదు. తొలికోడికి లేచి ఆసామి ఇంటికి పోయి చావిట్లో పేడ ఎత్తి, కసువు ఊడ్చి, వచ్చి మాకింత గంజి కాచి, మళ్ళీ పొలం పోయేది. పొగాకు కాలం వస్తే పొద్దస్తమానం పచ్చాకు కర్రలకు అల్లి, రాత్రి బేరన్ కాడే మమ్మల్ని గోనెపట్టా మీద పడుకోబెట్టేది. తొందరగా లేస్తేనే సంతోషం వచ్చేటట్టయితే మా మాదిగపల్లె ఆంధ్రదేశంలోకెల్లా ఆనందమైన చోటు కావాల.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటంది. నాకు ఉద్యోగం వచ్చి క్వార్టరు లాంటి చిన్న అద్దెయింట్లోకి మారిన కొత్తలో కూడా నాలుగింటికే లేచి గోడకానుకుని చీకట్లో కూచునేది. “పనేం లేదుగా, పడుకో అమ్మా” అంటే, “పడుకుంటే ఎవరో తిడతన్నట్టు ఉంటదిరా” అనేది. ఆ తిట్టేవాడు లేడు. ఆ చావిడి లేదు. కానీ తిట్టు ఆమె ఒంట్లో మిగిలిపోయింది. పొద్దెక్కిందాకా పడుకోవడం నేర్చుకోవడానికి ఆమెకు ఏడాదిన్నర పట్టింది. ఆరున్నరకు లేచి, కళ్ళు నులుముకుంటూ “ఏందిరా, లేపలేదు?” అని సిగ్గుగా నవ్విన రోజు నాకు బాగా గుర్తు. మా ఇంట్లో సంతోషం అలవాటుగా మొదలైంది ఆ రోజునే అనుకుంటాను. అది ఆలస్యంగా లేవడంతో మొదలైంది.

రెండోది కృతజ్ఞత. మా అమ్మ రోజుకు మూడుసార్లు కాదు, ముప్పైసార్లు కృతజ్ఞత చెప్పిన మనిషి. సంక్రాంతికి నాలుగు అరిసెలు, చిరుగుపట్టిన పాతచీర ఇస్తే చెప్పింది. జ్వరానికి మాత్ర ఇస్తే చెప్పింది. మూడు వారాలు తిప్పుకుని ఇచ్చిన కూలి డబ్బులు కొంగున ముడేసుకుంటూ కూడా చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. ఎనిమిదేళ్ళుంటాయి నాకు. తన చెమట డబ్బు తాను తీసుకుని, ఇచ్చినవాళ్ళకు రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది. “మీ దయ అయ్యా, మీరు సల్లంగుండాల” అంది. ఆ దణ్ణం పెట్టకపోతే రేపు పనుండదు. అది మా మీద ఊరు వేసిన పన్ను. డబ్బుతో కాకుండా చేతులతో, నడుముతో కట్టే పన్ను.

అట్లాగని మా అమ్మకు నిజమైన కృతజ్ఞత తెలియదని కాదు. నేను పుట్టిన ఇరవయ్యో రోజుకే అమ్మ గ్రేడింగు పనికి పోవాల్సొచ్చింది. ముఠాలో ఇంకో చంటిబిడ్డ తల్లి ఉండేది. ఇంటి దగ్గర ఆగిన రోజున ఆమె తన బిడ్డతోపాటు నాకూ పాలిచ్చి పెంచింది. ఆ సంగతి చెప్పేటప్పుడు అమ్మ చేతులు జోడించదు. వాళ్ళిద్దరూ ‘ఒసే’ అంటే ‘ఒసే’ అనుకుంటారు, అప్పుడప్పుడూ జుట్లు పట్టుకునేంత కొట్లాడుకుంటారు కూడా. కానీ ఆమె ఇంటికొస్తే అమ్మ ముఖం వెలుగుతుంది. ఇవ్వనని అనగలిగినవాళ్ళు ఇచ్చినప్పుడు, తీసుకున్నవాళ్ళు తలెత్తి నిలబడగలిగినప్పుడు పుట్టేది కృతజ్ఞత. హక్కుగా రావలసినదాన్ని దయగా మార్చి చేతిలో పెట్టినప్పుడు పుట్టేది అది కాదు. రెంటినీ ఒకే పేరుతో పిలిచి, రోజూ రాత్రి మూడు చొప్పున రాయమంటే మా అమ్మలాంటివాళ్ళు ఏం రాస్తారు?

క్షమించి మరిచిపొమ్మన్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. గొడవ ఎక్కడ మొదలైందో ఈ పుస్తకం చదివేవాళ్ళకు తెలుసు. సినిమా హాల్లో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లోని అగ్రకులస్తుడికి తగిలింది. కాలు చాపుకుని సినిమా చూడటం ఎవరికైనా హాయినిచ్చే చిన్న అలవాటే. మావాడికి అదే నేరమైంది. పదహారేళ్ళకు, 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఎవరు చంపినట్టూ తేలలేదు. మరి క్షమాపణ ఎవరి పేరున రాసుకోవాలి? క్షమించడం గొప్పగుణమే. కానీ చేసింది తప్పని ఒప్పుకునే మనిషి అవతల నిలబడి ఉండాలి గదా. ఎవరూ లేనిచోట క్షమించడమంటే మన చచ్చినవాళ్ళను మనమే రెండోసారి పూడ్చిపెట్టడం.

ఇక పోల్చుకోవద్దన్న మాట. మా ఊళ్ళో పెద్దలు ఈ మాట ఎప్పట్నుంచో చెపుతున్నారు. “ఎవరి స్థానంలో వాళ్ళుంటే అందరికీ సుఖం” అనేవాళ్ళు. నేను పోల్చుకోకపోతే, పక్కబెంచీ పిల్లాడి చేతిలో పుస్తకం ఎందుకుంది, నా చేతిలో పశువుల పలుపు ఎందుకుంది అని అడిగేవాణ్ణి కాదు. అడక్కపోతే డిగ్రీ లేదు, 2012 డీఎస్సీ లేదు, ఈ వ్యాసమూ లేదు. అసూయ వేరు, లెక్క అడగడం వేరు. పోల్చుకోవడం మాకు దుఃఖాన్ని తెచ్చింది, నిజమే. ఆ దుఃఖం లోంచే మా చదువు పుట్టింది.

ఇంతదాకా ఆలోచించాక గుర్తొచ్చింది, అలవాటు అన్న మాట అంతకుముందు ఎక్కడ విన్నానో. మా నాయన నోట విన్నాను.

నాయనకు ఒక జత తోలు చెప్పులుండేవి. తన చేత్తో తానే కుట్టుకున్నవి. పల్లె చివర వేపచెట్టు దాకా వేసుకుని నడిచి, పెద్ద బజారు మొదట్లో విప్పి చేతబట్టుకునేవాడు. బజారు దాటాక మళ్ళీ తొడుక్కునేవాడు. ఎండాకాలం నేల కొలిమిలా ఉండేది. ఒకసారి అడిగాను, “ఎందుకు నాయనా, కాళ్ళు కాలవా?” అని. “అలవాటయిపోయిందిలేరా, కష్టమేముంది?” అన్నాడు. తర్వాత నేను పట్నంలో డిగ్రీ చదివేటప్పుడు ఫీజు సంగతి మాట్లాడటానికి వచ్చాడు. ప్రిన్సిపాల్ గది ముందు చెప్పులు విప్పి వదిలెయ్యలేదు, చేతబట్టుకుని లోపలికొచ్చాడు. ఆయన కూచోమంటే కుర్చీ పక్కన నేలమీద కూచున్నాడు. అక్కడ మా ఊరి ఆసామి లేడు. మా ఊరు నలభై మైళ్ళ దూరంలో ఉంది. అయినా ఊరు నాయన వెంట నడిచొచ్చి ఆ గదిలో నిలబడింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు నాయనను చూసి పడ్డందుకు ఇప్పుడు ఇంకా ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

ఊరి చట్టం ఊరోళ్ళు ఒక్కచోటా రాసిపెట్టలేదు. మా కాళ్ళలో, మెడలో, గొంతులో రాశారు. నవ్వితే చెయ్యడ్డం పెట్టుకోవడం, బజార్లో అంచున నడవడం, పిలవకముందే లేచి నిలబడటం. వీటన్నిటికీ కలిపి పెట్టిన పేరు అలవాటు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణంలో రద్దు చేసింది. 1950 జనవరి 26 నుంచి అది దేశానికి చట్టం. మా నాయన కాళ్ళకు ఆ కబురు చివరిదాకా అందలేదు. కాబట్టి ఆ శిక్షకుడు చెప్పినదాంట్లో సగం నిజముంది. సంతోషానికీ అలవాటుకీ లంకె ఉంది. కాకపోతే ఆయన ఖాళీ పలక మీద కొత్త అలవాటు రాయమంటున్నాడు. మా పలక ఖాళీగా లేదు. ముందు తుడవాలి. తుడవడానికి చెయ్యెత్తితే ఊరు ఊరుకోదు.

ఊరుకోదన్న సంగతి మా తాతల నాటిదే. 1860లు, 70లలో ఒంగోలు చుట్టుపక్కల మాదిగలు బాప్టిస్టు మిషనులో చేరినప్పుడు వాళ్ళు పెట్టుకున్న నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇప్పటి కళ్ళతో చూస్తే ఆదివారం సెలవు ఎంత చిన్న సంగతి! వారంలో ఒకరోజు ఒళ్ళు వాల్చి, స్నానం చేసి, పాట పాడుకోవడం. కానీ అడిగిన క్షణాన వచ్చే వెట్టిమనిషి ‘ఇయ్యాల రాను’ అన్నాడంటే ఊరు పునాది కదిలినట్టే. కరణాలు, మునసబులు వాళ్ళను బాధలు పెట్టారు. మతం మీద ఎవరికెన్ని అభిప్రాయాలున్నా సరే, ‘ఆదివారం నా ఒళ్ళు నాది’ అన్న ఆ పాతవాళ్ళే మా ప్రాంతంలో సంతోషాన్ని అలవాటు చేసుకోబోయిన తొలి మనుషులని నేననుకుంటాను.

ఐక్యరాజ్యసమితి 2012లో మార్చి 20వ తేదీని అంతర్జాతీయ సంతోష దినంగా ప్రకటించింది. 2013 నుంచి జరుపుతున్నారు. ఆ తేదీ పెట్టినవాళ్ళకు తెలిసి ఉండదు గానీ, మనకు ఆ రోజు ముందునుంచే ఉంది. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందిని వెంటబెట్టుకుని చౌదార్ చెరువుకు నడిచి, దోసిట్లో నీళ్ళు తీసుకుని తాగాడు. ఆ చెరువు అందరిదేనని మునిసిపాలిటీ అంతకుముందే తీర్మానించింది. అయినా తాగి వచ్చినవాళ్ళను కొట్టారు. చెరువును పేడతో, పంచితంతో శుద్ధి చేశారు. కోర్టు తేల్చేసరికి 1937 వచ్చింది. దాహమైతే నీళ్ళు తాగడం అనే అలవాటుకు పదేళ్ళు పట్టింది! అదే 1927 డిసెంబరులో మహద్‌లోనే ఆయన ఆడవాళ్ళతో విడిగా మాట్లాడుతూ, అంటరానివాళ్ళని గుర్తుపట్టే తీరులో చీర కట్టుకోవద్దని, శుభ్రంగా, నిండుగా కట్టుకోమని చెప్పాడు. ఆ సభలోనే చాలామంది కట్టు మార్చారు. మనుస్మృతిని తగలబెట్టిన సభా అదే. గ్రంథాన్ని కాల్చడం, చీరకట్టు మార్చడం ఆయనకు రెండు వేరు పనులు కావు.

ఇన్ని చెప్పిన నేను ఏం చేశానో కూడా చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా ఉపన్యాసం అవుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో స్టాఫ్ రూములో టీ వచ్చేది. ట్రేలో అన్నీ ఒకేరకం కప్పులు. నాలుగు రోజులు పోయాక చూస్తే, అంచు విరిగిన కప్పొకటి కిటికీలో విడిగా ఉంది. నాకు టీ అందులో వచ్చింది. ఎవరూ ఒక్కమాట అనలేదు. అననవసరం లేకుండానే అన్నీ జరిగిపోయాయి. నేనూ ఏమీ అనలేదు. మరుసటి సోమవారం ఇంటినుంచి స్టీలు గ్లాసు తెచ్చుకున్నాను. “నాకు కాస్త ఎక్కువ టీ కావాలి” అని నవ్వుతూ చెప్పాను. వాళ్ళ ఇబ్బంది తీరింది. నా అవమానమూ తీరిందనుకున్నాను. ఎనిమిదేళ్ళు ఆ గ్లాసు నా సంచిలోనే తిరిగింది. దానికి నేను పెట్టుకున్న పేరు మనశ్శాంతి.

ఒకరోజు మధ్యాహ్న భోజనం వేళ, మా పల్లె పిల్లాడొకడు, ఆరో తరగతి, నీళ్ళ దగ్గర అందరూ వాడే గ్లాసు ముట్టకుండా తన సంచిలోంచి చిన్న గ్లాసు తీశాడు.

“ఇంటినుంచి ఎందుకు తెచ్చుకుంటున్నావురా?” అన్నాను.

వాడు నన్ను వింతగా చూశాడు. “మనం తెచ్చుకోవాల గదా సార్. మీరు కూడా తెచ్చుకుంటారుగా” అన్నాడు.

మనం అన్నాడు. నేను వాడికి పద్యాలు నేర్పాననుకున్నాను. సంధులు, సమాసాలు నేర్పాననుకున్నాను. నేర్పింది ఇది. మా నాయన చేతిలో చెప్పులు నా సంచిలో గ్లాసయి, నా సంచిలోంచి వాడి సంచిలోకి పోయాయి. నా మనశ్శాంతి ఖరీదు వాడు కడుతున్నాడు.

మర్నాడు గ్లాసు ఇంట్లో వదిలేసి పోయాను. ట్రే వచ్చినప్పుడు నా చెయ్యి వణికింది. ముప్పై ఏళ్ళు దాటినవాణ్ణి, నెలనెలా జీతం తీసుకునేవాణ్ణి, నా వెనక ఇంత చట్టం, ఇంత చరిత్ర ఉంది. ఒక కప్పు అందుకోవడానికి గుండె దడదడలాడింది. నాలుక కాలింది. రుచి తెలియలేదు. ఒక సహోద్యోగి ఆ వారం నుంచి “గ్యాస్ పట్టేస్తందండీ” అని టీ మానేశాడు. రిటైరవబోతున్న ఒక టీచరమ్మ మాత్రం మర్నాటి నుంచి ఏమీ అనకుండా ట్రే ముందుగా నా వైపే తిప్పేది. టీ రుచి తెలియడానికి నెల పట్టింది. ఆ నెలంతా నేను సంతోషంగా లేను. భయంగా ఉన్నాను. సంతోషం తర్వాత వచ్చింది, ఆదివారం మధ్యాహ్నం నిద్రలా, అడక్కుండా. పిల్లాడు ఇంకో మూడు వారాలు గ్లాసు తెచ్చాడు. తర్వాత ఒకరోజు తేలేదు. నేనేమీ అడగలేదు.

ఉద్యమంలో తిరిగే నా మిత్రుడొకడు ఇది విని కోప్పడ్డాడు. “సంతోషం గురించి రాస్తున్నావా? మనకు కావలసింది కోపం. సంతోషం జీతగాళ్ళ జబ్బు” అన్నాడు. వాడి మాట తీసిపారేసేది కాదు. కడుపు నిండినవాడి తృప్తికి సంతోషమని పేరుపెట్టి పల్లెను మరిచిపోయినవాళ్ళు మాలోనూ ఉన్నారు. కానీ 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయిన తర్వాత నాకొకటి అనిపించింది. మన పిల్లలకు చదువు, కోపం రెండే మూటగట్టి పంపితే చాలదు. చుట్టూ మనుషులు, నవ్వే చోటు, తలవాల్చే భుజం కూడా ఇచ్చి పంపాలి. రోజూ బతకాలనిపించడం కూడా పోరాటానికి కావలసిన సరంజామాయే.

అంబేడ్కర్ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథం ఆయన పోయాక 1957లో అచ్చయింది. దాని ముందుమాటలో ఆయన ఒక పెద్ద ప్రశ్న వేశాడు. బతుకే దుఃఖమైతే, చావూ దుఃఖమే, మళ్ళీ పుట్టుకా దుఃఖమే అయితే మనిషికి ఇక ఆశ ఏముంటుంది? ఇది నిజంగా బుద్ధుడి మాటేనా, తర్వాత భిక్షువులు చేర్చిందా అని అడిగాడు. జీవితమంతా దుఃఖాన్ని చూసిన మనిషి, దుఃఖమే మనిషి స్వభావం అంటే ఒప్పుకోలేదు. నా మిత్రుడికి నేను చెప్పిన జవాబు అదే. కోపం మనల్ని గుమ్మం దాకా తీసుకుపోతుంది. లోపల కూచోవడం కూడా నేర్చుకోవాలి గదా.

కాబట్టి నాక్కూడా ఇప్పుడు కొన్ని అలవాట్లున్నాయి. అద్దం ముందు చేసేవి కావు, నలుగురిలో చేసేవి. మీదే ఊరంటే ఊరుతోపాటు పల్లె పేరు కూడా అడక్కముందే చెపుతాను. మీటింగుల్లో ముందు వరసలో కూచుంటాను. క్లాసులో ఏ పిల్లాణ్ణీ, ఏ పిల్లనూ ఒరే, ఒసే అనను, నిండుపేరుతో పిలుస్తాను. ఆదివారం ఎవరొచ్చినా పని ముట్టను. అమ్మ పక్కన కూచుని పాత సంగతులు చెప్పించుకుంటాను. నాయన చెప్పుల సంగతి చెప్పేటప్పుడు ఇద్దరం ఏడుస్తాం. తర్వాత ఆయన చుట్ట పారేసుకుని ఊరంతా వెతికిన సంగతి చెప్పి అమ్మ గట్టిగా నవ్వుతుంది. ఇప్పుడు నోటికి చెయ్యడ్డం పెట్టుకోదు.

ఆ నోటుపుస్తకంలో మూడు పేర్లు రాశాను చివరికి. ఒకటి నాకు పాలిచ్చిన ఆమెది. రెండోది ఆ టీచరమ్మది. మూడోది ఆరో తరగతి పిల్లాడిది. స్టీలు గ్లాసు పారెయ్యలేదు. దాంతో అమ్మ బియ్యం కొలుస్తంది.